బ్రెడ్డు మీద కీమా, పైన చీజ్

ఓటౌటౌ, సౌత్‌ల్యాండ్
1984 మే, మొదటి గురువారం

మరదలు పిల్ల నోలీన్‌కి,

అరవై దాటినా నువ్వు నాకు మరదలు పిల్లవే కాబట్టి అలాగే పిలిచాను, కోపం తెచ్చుకోకు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మా ఫోను లైను మీద ఇంకా నాలుగైదు ఇళ్ళున్న సంగతి నీకు తెలుసు. నేను హలో అనేలోపే పక్క పొలం కౌలింగ్ ఆవిడ ఊపిరి వినిపిస్తుంది. ఇప్పుడు నేను అడగబోయేది ఆవిడ చెవిన పడితే ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. అందుకే ఉత్తరం.

మీ అక్కను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాటా రాలేదు. వస్తుందంటారు డాక్టర్లు, ఎప్పుడో మాత్రం చెప్పరు. మిగతాదంతా బాగానే ఉంది. తింటోంది, పడుకుంటోంది, కుర్చీలో కూర్చుని నన్ను కళ్ళతోనే తిడుతోంది.

తిట్టదూ మరి? వంటిల్లు నా చేతికొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ పొయ్యితో నాకున్న పరిచయమల్లా చలికి దానివైపు వీపు పెట్టి నిలబడడమే. నిన్న మొదటిసారి ముఖాముఖి కలుసుకున్నాం.

నిన్న బుధవారం. మా ఇంట్లో బుధవారం రాత్రంటే బ్రెడ్డు మీద కీమా, పైన చీజ్. నేను ఫైర్ బ్రిగేడ్ ప్రాక్టీసు నుంచి తడిసి ముద్దయి వచ్చేసరికి మా ఎనిడ్ పైనుంచి కాల్చే గ్రిల్ కింద నుంచి పళ్ళెం లాగేది. నేను బ్రిగేడ్ మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. అది పెడితే తనకు ప్రాణం లేచొస్తుందనుకున్నాను. ఎలా చేస్తుందో ఏనాడూ చూసి ఎరగను, అయినా అదేం బ్రహ్మవిద్యా అనుకున్నాను. ఫ్రీజర్లోంచి కీమా తీశాను, ఉడికించాను, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కూరాను, పై ముక్క మీద చీజ్ వేసి గ్రిల్ కింద తోశాను. రేడియోలో గొర్రెల ధరలు చెబుతుంటే వినడానికి వెళ్ళాను.

పై ముక్క అంటుకుంది. పొగ చూసి కౌలింగ్ ఆవిడ బ్రిగేడ్‌కి కబురు పెట్టింది. ముప్పై ఏళ్ళు ఈ ఊరి మంటలార్పిన మాజీ చీఫ్ ఇంటి ముందు, సైరన్ మోగించుకుంటూ ఫైర్ బండి వచ్చి ఆగింది. అంతా నేను గొట్టం పట్టుకోవడం నేర్పిన కుర్రాళ్ళే. ఒకడు పుస్తకం తెరిచి, "ప్రమాదానికి కారణం ఏం రాయమంటారు చీఫ్?" అన్నాడు, మొహంలో నవ్వు కనపడకుండా నానా తంటాలూ పడుతూ.

"చీజ్ అని రాసుకో" అన్నాను.

మరదలా, పరువెలాగూ పోయింది, పళ్ళెమన్నా దక్కించు. మీ అక్క ఎలా చేస్తుందో రాసి పంపు.

మీ బావ
ఆథోల్


హాఫ్‌మూన్ బే, స్టూవర్ట్ దీవి
మే 14

బావా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. పోస్టాఫీసులో అందరికీ చదివి వినిపించాను కూడా. ఇక్కడ మీకులా నాలుగిళ్ళకు ఒకే ఫోను లైను లేదు కాబట్టి ఆ లోటు నేనే తీరుస్తుంటాను.

పై ముక్క ఎందుకు పెట్టావయ్యా మహానుభావా? అది మూత ఉన్న వంట కాదు. చీజ్ మంటను చూడాలి, కీమా చీజ్ కింద దాక్కోవాలి, అడుగునున్న బ్రెడ్డు నోరు మూసుకుని రసం పీల్చుకోవాలి. అంతే దాని కథ. పైన ఇంకో ముక్క పెడితే మంటకు దొరికేది అదే.

ఇలా చెయ్యి. పొయ్యి పక్కన డబ్బాలో గొడ్డు కొవ్వుంటుంది, నువ్వు బూట్లకు రాసుకునేది. బూట్లను మరిచిపోయి ఒక చెంచా బాణలిలో వెయ్యి. సన్నగా తరిగిన ఉల్లిపాయ బంగారం రంగొచ్చేదాకా వేయించు. నల్లగా కాదు, బంగారం. ఆ తర్వాత కీమా. ఉండలు కట్టకుండా చెంచాతో పొడుస్తూ ఉండు. తురిమిన క్యారెట్, మిరియాల పొడి, చిటికెడు పిండి, నాలుగు చుక్కలు నల్ల సాసు, ఒక కప్పు నీళ్ళు. చిక్కబడేదాకా సన్నసెగ మీద ఉంచు. బ్రెడ్డు మందంగా కోసి రెండువైపులా కాల్చు. కీమా గుట్టగా పోసి, చీజ్ అంచుల దాకా పరిచి, గ్రిల్ కింద పెట్టు. పెట్టి అక్కడే నిలబడు! రేడియో వైపు వెళ్ళావో, నీ మీద ఒట్టు, ఆ కుర్రాళ్ళు ఈసారి బాణలి జప్తు చేస్తారు. చీజ్ బుడగలొచ్చి అక్కడక్కడ గోధుమ రంగు తిరగ్గానే తీసెయ్యి.

అక్కకు ఎడమ చెయ్యే కదా పనిచేసేది. చిన్న చిన్న చదరాలుగా కోసి పెట్టు, ఫోర్కుతో గుచ్చుకుని తింటుంది. కలిపి నోట్లో పెట్టకు, తనకు నచ్చదు.

రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. జలసంధి కుతకుతలాడుతోంది, పడవలు కదలడం లేదు. సముద్రం నెమ్మదించగానే వస్తాను.

నోలీన్


ఓటౌటౌ
మే 31

నోలీన్‌కి,

నువ్వు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చేశాను. బంగారం రంగు దాకా వేయించాను. గ్రిల్ ముందు కాపలా కుక్కలా నిలబడ్డాను. పళ్ళెంలోకి తీశాక చూస్తే కళ్ళు చెమర్చాయి, నోలీన్. గోధుమ రంగు మచ్చలు, కారుతున్న చీజ్, అచ్చం మీ అక్క చేసినట్టే.

వాసన మాత్రం తడిసిన గొంగళిది.

రుచి చూశాను. ఏం చెప్పమంటావు? గట్టిగా, జిడ్డుగా, గొంతులో పేరుకుపోయింది. తప్పు నా చేతిదే అనుకున్నాను. వయసు మీద పడ్డాక వంట నేర్చుకున్నవాడి చేతిలో రుచి ఎక్కడి నుంచి వస్తుంది? నావంతు పళ్ళెం ఖాళీ చేశాను. నా వంట నేనే తినకపోతే ఇంకెవరు తింటారు?

మీ అక్క ఒక చదరం గుచ్చి, ముక్కు దగ్గరకు తీసుకుని, కింద పెట్టేసింది. పళ్ళెం నావైపు నెట్టి, కిటికీలోంచి కుక్కల దొడ్డి వైపు వేలు చూపించింది. నెట్టడం, చూపించడం. మళ్ళీ మళ్ళీ అదే. కాసేపటికి నాకు బల్బు వెలిగింది. జిప్ మీద బెంగ పెట్టుకుంది! పాపం, ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ వాణ్ణి చూడలేదు కదా.

వెళ్ళి జిప్‌ని ఇంట్లోకి తీసుకొచ్చాను. గొర్రెల కుక్కను ఇంట్లోకి! మా నాన్న చూసుంటే నన్నే దొడ్లో కట్టేసేవాడు. ఆ జిప్‌గాడు కూడా గుమ్మం దగ్గర ఆగి, నిజంగానే అంటున్నావా అన్నట్టు నా మొహం చూశాడు. తర్వాత నేరుగా వెళ్ళి మీ అక్క పళ్ళెం మొత్తం నాకేశాడు. ఆవిడ నన్నూ కుక్కనూ మార్చి మార్చి చూసి, ఉన్న ఒక్క మంచి చేత్తో నుదురు కొట్టుకుంది. సంతోషం పట్టలేకే అనుకున్నాను.

జిప్‌కి ఈమధ్య పదేళ్ళు తగ్గినట్టున్నాయి. బొచ్చు నిగనిగలాడుతోంది. నర్సు మెరియానా కూడా మెచ్చుకుంది. ఈ ఇంట్లో బాగా ఉన్నది వాడొక్కడే, అంటే నేను చెప్పేది, అందరికంటే బాగా ఉన్నది వాడని.

మీ బావ


హాఫ్‌మూన్ బే
జూన్ 6

బావా,

"బాగా ఉన్నది వాడొక్కడే" అని రాసి మళ్ళీ సర్దుకున్నావు. నేనంత తెలివితక్కువదాన్ని కాదు.

పైగా కౌలింగ్ ఆవిడ కార్డు రాసింది. "మీ అక్కకు గౌన్లు కొయ్యకు తగిలించినట్టు వేలాడుతున్నాయి" అంది. అక్క తింటోందా, లేదా? వేళాకోళాలు పక్కన పెట్టి జరిగిందేమిటో రాయి.

నోలీన్


ఓటౌటౌ
జూన్ 11

నోలీన్‌కి,

తినడం లేదు.

మొదటి ఉత్తరంలో తింటోందని అబద్ధం రాశాను. నువ్వు సముద్రానికి అవతల కూర్చుని బెంగపడి చేసేదేముందిలే అనుకున్నాను. పొద్దున నాలుగు చెంచాల జావ, మధ్యాహ్నం టీ, కాస్త కస్టర్డ్. రాత్రి భోజనం మాత్రం ముట్టదు. నువ్వు చెప్పిన వంట బుధవారానికే పరిమితం చెయ్యకుండా ఇంచుమించు రోజూ చేస్తున్నాను. ఏదో ఒకరోజు చెయ్యి తిరగకపోతుందా అని. చెయ్యి తిరిగింది. నేను ఫ్రీజర్ మూత ఎత్తిన చప్పుడుకే మీ అక్క కళ్ళు మూసుకుంటోంది.

పోయినవారం మెరియానా బరువు చూసింది. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మీ అక్క చెయ్యి పట్టుకునే చెప్పింది. "ఎనిడ్ ఆంటీ, నెలాఖరుకి మళ్ళీ చూస్తాను. ఇంకా తగ్గితే మాత్రం ఇంట్లో ఉంచలేం. ఇన్వర్‌కార్గిల్ వృద్ధాశ్రమంలో మంచం సిద్ధం చేయిస్తాను. అక్కడ రాత్రింబవళ్ళు చూసుకునే మనుషులుంటారు." మంచిపిల్ల. చెబుతూ తనే కళ్ళు తుడుచుకుంది. ఎనిడ్ మాత్రం నావైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురం చేసి, పెళ్ళాం ఏం చెప్పాలనుకుంటోందో తెలుసుకోలేని దద్దమ్మను.

పెన్సిల్ ఇచ్చాను. అక్షరాలు రావడం లేదు, ఆ దారి కూడా మూసుకుపోయిందట, మెల్లగా తెరుచుకుంటుందట. ఎడమ చేత్తో బొమ్మ గీసింది. నాలుగు కాళ్ళు, ఒక తోక. ఆవు అనుకున్నాను. గొడ్డు మాంసం మీద మనసైందనుకుని ఆ రాత్రి కీమా రెట్టింపు చేశాను. పెన్సిల్ నా మీదకు విసిరింది. గురి బాగానే ఉంది, అదొక్కటే ఊరట.

కీమా చెడిపోయిందేమో అని కూడా చూశాను. లేదు. అన్నీ తను పడకముందు కట్టిపెట్టిన పొట్లాలే. పైవరసలో నీలం తాడు కట్టినవి, ఎంత పొందిగ్గా ఉన్నాయో. ఆ ముళ్ళు విప్పుతుంటే తన చెయ్యి పట్టుకున్నట్టుంటుంది. తాడు పారెయ్యబుద్ధి కాక ఉండ చుట్టి పెట్టాను, నారింజపండంత అయింది. అడుగున తెల్ల తాడువి జిప్‌వి. వాడికి పళ్ళు ఊడిపోయాయని వాడి మాంసం కూడా మరలో ఆడించి పెట్టింది కదా మీ అక్క. మంచివి పైన, కుక్కవి అడుగున పెడతారని నాకా మాత్రం తెలుసు.

నోలీన్, ఆవిడ ఇక చాలనుకుందేమో. ఆ మాట నోటితో చెప్పలేక పళ్ళెం నెట్టి చెబుతోందేమో. ఇన్వర్‌కార్గిల్ పంపిస్తే అక్కడ ఆమె పేరు పిలిచేవాళ్ళుంటారు గానీ, ఆమె చూపుకు భయపడేవాడెవడూ ఉండడు. ఆవిడ లేకుండా ఈ ఇంట్లో నేనెలా ఉండాలో నాకు తెలియదు.

నీ ఉత్తరాలు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి. వాటిని మోసుకొచ్చే పడవకు నిన్ను మోసే ఓపిక లేదా?

ఆథోల్


హాఫ్‌మూన్ బే
జూన్ 15

బావా!

నీలం తాడు జిప్‌ది!

నీలం తాడు కుక్కది, తెల్ల తాడు మనుషులది! ఫిబ్రవరిలో నేనొచ్చినప్పుడు ఆ పొట్లాలన్నీ అక్కా నేనూ కలిసి కట్టాం. తెల్ల తాడువి మీ ఎర్ర గిత్త మాంసం, ఏడాదికి సరిపడా. నీలం తాడువి కంచెలో పడి కాలు విరిగిన ఆ ముసలి గొర్రెవి. కుక్కకు రోజూ తీయాలి, వంగితే నడుం పట్టేస్తోంది అని అక్కే కుక్క పొట్లాలు పైన పెట్టించింది. నువ్వు అప్పుడు గుమ్మంలోనే నిలబడి టీ తాగుతున్నావు!

నెలకు పైగా మా అక్కకు ముసలి గొర్రె కీమా మీద చీజ్ పరిచి పెడుతున్నావు. జిప్‌కి గిత్త మాంసం మేపుతున్నావు. వాడి బొచ్చు నిగనిగలాడదూ! ఆ బొమ్మ ఆవు కాదయ్యా, కుక్క. ఇది కుక్కది, కుక్కకు పెట్టు అని అక్క వేలు పెట్టి చూపిస్తే, నువ్వు కుక్కనే తీసుకొచ్చి విందు చేశావు.

నీ ఉత్తరం అందిన క్షణమే ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు, ఏ కొట్టంలో ఉన్నావో. కౌలింగ్ ఆవిడ ఎత్తింది. ఇంక ఆగలేక ఆవిడకే చెప్పేశాను. ఈ ఉత్తరం చేరేలోపు లోయ మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది. నన్ను తిట్టుకో.

ఇంకోటి. నువ్వు అబద్ధం ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకుంటాను. పడవలు ఆగలేదు. రెండుసార్లు రేవు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మా ఇద్దరిలో మాట్లాడేది ఎప్పుడూ అక్కే అని అందరూ అనేవాళ్ళు. నేను వాగుతాను, తను మాట్లాడుతుంది. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని నోరు తెరిచి ఏమీ అనలేకపోతే చూడలేను బావా. భయం. నిన్ను చూసి ఇంత నవ్వుతున్నానే, నువ్వు ఆ కుర్చీ ఎదురుగా రోజూ కూర్చుంటున్నావు. నావల్ల కాలేదు.

నోలీన్


ఓటౌటౌ
జులై 2

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం కంటే ముందే నీ రాయబారి వచ్చింది. కౌలింగ్ ఆవిడ ఏప్రన్‌తోనే పొలానికి అడ్డంపడి పరుగెత్తుకొచ్చి, తలుపు కూడా తట్టకుండా వంటింట్లోకి దూరింది.

"ఏమయ్యా ఆథోల్! పెళ్ళానికి కుక్క కూడు పెడుతున్నావటయ్యా!"

నేను చేతిలో ఉన్న నీలం తాడు చూసుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఏదో శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే మీ అక్క కుర్చీలో వంగిపోయి వణుకుతోంది. మళ్ళీ పక్షవాతం వచ్చిందనుకున్నాను. దగ్గరకెళ్ళి భుజాలు పట్టుకున్నాను. నవ్వుతోంది, నోలీన్. గొంతులోంచి, నిజం నవ్వు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది, ఆనక ఆ చెయ్యి అక్కడే ఉంచింది. కౌలింగ్ ఆవిడ కూడా కళ్ళొత్తుకుని, ఈ సంగతి అందరికీ చెప్పాలి కాబట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఫ్రీజర్లో నడుం దాకా వంగి తెల్ల తాడు పొట్లం తీశాను. కొవ్వు కరిగిన వాసనకే మీ అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. చీజ్ బుడగలొచ్చేదాకా ఇద్దరం గ్రిల్ వైపే చూస్తూ కూర్చున్నాం. కోసి పెట్టాను. ఒక చదరం గుచ్చింది, వాసన చూసింది, నావైపు చూసింది. తింది. ఇంకోటి తింది. నా పళ్ళెం వైపు చెయ్యి చాచి నా వాటాలోంచి కూడా ఒకటి లాక్కుంది. నేను ఆరోజు ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

నెలాఖరుకి మెరియానా వచ్చి బరువు చూసింది. పెరిగింది. ఎంతో కాదు, చిటికెడు. ఆ పిల్ల రెండోసారి చూసి, ఇన్వర్‌కార్గిల్‌కి ఫోన్ చేసి ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంది. ఫోను మా లైను మీదే కాబట్టి అవతల ఇళ్ళల్లో ఎవరెవరో చప్పట్లు కొట్టడం నాకే వినిపించింది.

ఊళ్ళో నా బతుకు ఎలా ఉందో అడగవేం? బ్రిగేడ్ కుర్రాళ్ళు నీలం తాడుతో టై అల్లి బహుమతి ఇచ్చారు. పబ్‌లోకి అడుగు పెడితే మూలనుంచి ఎవడో ఒకడు మొరుగుతాడు. నిన్న పాస్టరు గారు కూడా కరచాలనం చేస్తూ, "జిప్ కులాసానా?" అన్నారు. జిప్ కులాసాగా లేడు. మళ్ళీ ముసలి గొర్రె కీమా మొదలయ్యాక పళ్ళెం చూస్తాడు, నా మొహం చూస్తాడు, నిట్టూరుస్తాడు. ఈ ఇంట్లో నన్ను అలా చూడడానికి ఇప్పుడు ఇద్దరు తయారయ్యారు.

నీ భయం సంగతి. నేనూ భయపడ్డాను. ఆ భయానికే ఫైర్ బండి కథలూ గొంగళి వాసన కథలూ రాశాను నీకు. నువ్వు రేవు నుంచి వెనక్కి వెళ్ళావు, నేను ఇంట్లోనే ఉండి ఉత్తరాల్లో పారిపోయాను. తేడా అంతే. మీ అక్క మాట కోసం చూడకు. నవ్వు వచ్చేసింది, అది చాలు. వచ్చెయ్యి.

మీ బావ


ఓటౌటౌ
ఆగస్టు

నోలీన్,

ఎడమ చెయ్యి. మెరియానా అక్షరాలు చెబుతోంది. రోజుకు రెండు ముక్కలు రాస్తున్నా.

కీమా బాగా చేస్తున్నాడు. ఉప్పెక్కువ. చెప్పకు, మానేస్తాడు.

కుక్కని బయటికి పంపడు. నా కాళ్ళ మీద పడుకుంటోంది. వెచ్చగా ఉంది. ఇదీ చెప్పకు.

వచ్చేటప్పుడు తెల్ల తాడు తే. నీలం తాడు ఇక్కడ నారింజపండంత ఉంది.

పడవెక్కు. నాకు మాట రాదని భయపడకు. నువ్వు మాట్లాడేది ఇద్దరికీ సరిపోతుంది.

ఎనిడ్